పెంటలో పెరిగేదొకటి, మానులో పెరిగేదొకటి

తోట ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు ఉద్యానవన శాఖ విశ్రాంత అధికారిణి జవాబులు

ప్రశ్న: అమ్మా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎకరం కొబ్బరి తోట, 60 చెట్లు. చాలా వరకు ఎనిమిదేళ్ల వయసువి. పోయిన నెలలో వీధి దీపం కింద నల్లటి పెంకు పురుగులు, తల మీద కొమ్మున్నవి, ఆరేడు దొరికాయి. మొన్న తోటలో మట్ట మొదట్లో ఎర్రగా, పొడుగు ముక్కుతో ఇంకో పురుగు కనబడింది. పక్క తోట ఆయన కొమ్మున్నది మగది, ముక్కున్నది ఆడది, రెండూ ఒకటే జాతి అంటున్నారు. మందుల కొట్టతను రెండింటికీ ఒకే మందు చాలన్నాడు. ఒక చెట్టుకి లోపలి ఆకులు పసుపు రంగుకి తిరిగి, మొవ్వు పక్కకి వాలినట్టుంది. మాను మీద ఎర్రటి జిగురు కారుతోంది. టెన్షన్‌గా ఉంది. ముందు దేని పని పట్టాలి?
(ఒక రైతు, రాజోలు)

జవాబు: ముందు మొవ్వు వాలిన చెట్టు సంగతి చూడండి. ఈ జవాబు మొత్తం చదివాక చూద్దామనుకోకండి. ఇక్కడే ఆపి తోటలోకి వెళ్లి, ఆ చెట్టు మొవ్వు ఆకును మనిషి చేత మెల్లగా లాగించి చూడండి. పట్టు లేకుండా ఊడి చేతికొస్తే ఆ చెట్టు మీది కాదు, ఎర్రముక్కు పురుగుది. దాన్ని కొట్టించి, దుంగల్ని నిలువునా చీల్చి, లోపలి పిల్ల పురుగులతో సహా కాల్చేయండి. గట్టు మీద పడేసి ఉంచితే మాత్రం మిగతా 59 చెట్ల మీదకి మీరే దాన్ని పంపినవారవుతారు. మొవ్వు ఇంకా గట్టిగా ఉంటే చెట్టు దక్కే అవకాశం ఉంది. మందు పేరు, మోతాదు నేను పత్రికలో రాయను. చెట్టు వయసుని బట్టి, కాయల మీదుందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. మీ మండల ఉద్యానవన అధికారిని తోటకి పిలవండి, లేదంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు బస్సు దూరమే.

ఇప్పుడు నింపాదిగా మీ పక్క తోట ఆయన సంబంధం సంగతి. ఆయన కలిపిన పెళ్లి కుదరదండీ. రెండూ పెంకు పురుగులే, అంటే పై రెక్కలు గట్టిపడి వీపు మీద మూతలా కూర్చున్నవి. పోలిక అక్కడితో సరి. కొమ్ము పురుగు పేడ పురుగుల ఇంటిపేరుది. ఎర్రముక్కు పురుగు మీ ఇంట్లో బియ్యం డబ్బాలో తిరిగే చిన్న ముక్కు పురుగుకి దగ్గరి చుట్టం. ఈ చుట్టరికాలు గుర్తుంచుకుంటే చాలు, వాటి బతుకులు మీకే అర్థమవుతాయి. పేడ పురుగు చుట్టం పెంటలో పుడుతుంది. బియ్యపు పురుగు పిల్ల గింజలో పుట్టి, గింజని తింటూ గింజలోనే పెరుగుతుంది కదా, దాని పెద్దన్న కొబ్బరి మానులో అదే పని చేస్తుంది. గింజ పెద్దదయింది, అంతే.

ఆడా మగా అంటారా, ఏ జాతి ఆడామగా ఆ జాతిలోనే ఉన్నాయి. కొమ్ము పురుగుల్లో మగదాని కొమ్ము పొడుగు, ఆడదాని కొమ్ము పొట్టి. కొమ్ము కొలిచి తేల్చుకోలేకపోతే తిరగేసి తోక చివర చూడండి, ఆడదానికి అక్కడ ఎర్రటి నూగు ఒత్తుగా ఉంటుంది. ముక్కు పురుగుల్లో మగదానికి ముక్కు మీద చిన్న బ్రష్షు లాగా వెంట్రుకలుంటాయి, ఆడదాని ముక్కు నున్నగా, సన్నగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. ఈసారి దొరికినప్పుడు పక్క తోట ఆయనకి రెండు జంటలూ పట్టుకెళ్లి చూపించండి.

అసలు తేడా ఎవరు ఎప్పుడు తింటారన్న దాంట్లో ఉంది. కొమ్ము పురుగు పెద్దయ్యాక చెట్టు మీద పడుతుంది, చిన్నప్పుడు దాని వల్ల చెట్టుకి ఏ హానీ లేదు. ముక్కు పురుగు చిన్నప్పుడే చెట్టుని తినేస్తుంది, పెద్దయ్యాక దాని తిండి వల్ల పెద్ద నష్టం లేదు, గుడ్లు పెట్టడమే దాని నేరం. మీ కంటికి దీపం కింద కనబడింది నష్టం చేసే దశలో ఉన్న కొమ్ము పురుగు. మట్ట మొదట్లో కనబడింది మాత్రం నష్టం చేయబోయే పిల్లల తల్లి. ఆ నష్టం చేసేవాళ్లు మీకు ఎప్పటికీ కనబడరు, మానులో ఉంటారు. అందుకే ఒకే మందు రెండింటికీ చాలదు. ఒకదాని ఇల్లు పెంటకుప్ప, రెండోదాని ఇల్లు చెట్టు కడుపు. మందు ఒకటే అయినా పోయాల్సిన చోటు ఒకటి కాదు.

కొమ్ము పురుగు తల్లి పశువుల పెంటలోనో, కుళ్లిన కొబ్బరి దుంగలోనో, చెత్త ఎరువు గుంటలోనో గుడ్లు పెడుతుంది. రెండు వారాల లోపే పొదుగుతాయి. పిల్ల పురుగు తెల్లగా, లావుగా, సున్నా చుట్టినట్టు ముడుచుకుని పడుకుంటుంది. పెంట తిరగేసేటప్పుడు కోళ్లు ఎగబడేది దానికే. మూడు నాలుగు నెలలు, చలికాలమైతే ఇంకా ఎక్కువ, ఆ పెంటే తింటుంది. తర్వాత మట్టిలో గూడు చేసుకుని నెల లోపు పెంకు పురుగుగా మారి, రాత్రి పూట ఎగిరి తోటలోకి వస్తుంది. అక్కడి నుంచి నెలల తరబడి బతుకుతుంది.

చెట్టెక్కి అది చేసే పని మొవ్వులోకి తొలుచుకుని పోవడం. చాలామంది కొమ్ముతో తవ్వుతుందనుకుంటారు. కాదు, తవ్వేది దవడలు. నమిలిన పీచుని వెనక్కి నెట్టేస్తుంది, రసం తాగుతుంది. కన్నం దగ్గర తడి పీచు కుచ్చులా బయటికొచ్చి ఉంటే లోపల మనిషి ఉన్నట్టే లెక్క. కొక్కెం ఉన్న ఇనప చువ్వ పెట్టి లాగితే కసిగా గీరుకుంటూ బయటికొస్తుంది. దింపు తీసేవాళ్లకి ఈ పని బాగా వచ్చు, కాయ దింపుతో పాటు ఈ పనికీ విడిగా కూలి మాట్లాడుకోండి.

ఆ ఆకు విచ్చుకున్నాక చూడాలి. రెండు పక్కలా ఒకే కొలతలో, కత్తెరతో త్రికోణాలు కత్తిరించినట్టు ఉంటుంది, విసనకర్ర చివర కోసేసినట్టు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఇది పురుగు పని కాదమ్మా, ఎవడో కక్షతో కత్తి పెట్టి కోశాడు. ఇంత లెక్కగా పురుగు కొయ్యగలదా?" అని పంచాయితీ పెట్టబోయారు. పంద్రాగస్టుకి స్కూల్లో రంగు కాగితం మడతలు పెట్టి ఒక్క గాటు పెట్టి తెరుస్తాం చూడండి, తోరణం మొత్తం ఒకేలా బొక్కలు పడతాయి. మొవ్వులో ఆకు అలా మడతలు పెట్టే ఉంటుంది. పురుగు పెట్టింది ఒక్క కన్నమే, లెక్కంతా మడతలది. పెద్దాయనకి నోటు పుస్తకంలో కాగితం చింపి చేసి చూపించాను. నమ్మారో లేదో గానీ పంచాయితీ మానుకున్నారు.

ఇందులో ఇంకో సంగతుంది. కొబ్బరి చెట్టు నెలకి ఇంచుమించు ఒక ఆకు వేస్తుంది. ఇవాళ మీకు కత్తిరించినట్టు కనబడే ఆకు, మొవ్వులో ఉండగా కొన్ని నెలల కిందట కొరికినది. ఆ దొంగ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. చిరిగిన ఆకుని చూసి ఆవేశంగా మందు కొట్టించడం, పోయిన ఏడాది దొంగతనానికి ఇప్పుడు తాళం వేయడం లాంటిది. వెతకాల్సింది పీచు కుచ్చు.

కాపు మీదున్న చెట్టుని కొమ్ము పురుగు ఒక్కటే చంపడం అరుదు. లేత మొక్కల్ని మాత్రం చంపేయగలదు. అయితే అది పెట్టిన కన్నం ఉందే, అదే రెండోదానికి వీధి గుమ్మం.

ఎర్రముక్కు పురుగు తల్లి గట్టి చెట్టుని తొలుచుకుని పోయేరకం కాదు. దానికి గాయం కావాలి. కొమ్ము పురుగు పెట్టిన కన్నమో, మట్ట మొదలంటా నరికిన పచ్చి గాటో, ట్రాక్టరు గీసుకుపోయిన చెక్కో. ఆ గాయం వాసన పట్టుకుని, ఎక్కువగా పగలే, దూరం నుంచి ఎగిరి వస్తుంది. ముక్కుతో చిన్న గుంట చేసి ఒక్కో గుడ్డూ పెడుతుంది. జీవితం మొత్తం మీద రెండు మూడు వందల దాకా పెట్టగలదు. మూడు నాలుగు రోజుల్లో పొదిగిన పిల్లకి కాళ్లుండవు. కాళ్లెందుకు, ఎక్కడికీ వెళ్లే పని లేదుగా! నోరొక్కటే పని చేస్తుంది. దాదాపు రెండు నెలలు మానులోని మెత్తటి భాగాన్ని తింటూ సొరంగాలు చేస్తుంది. తర్వాత చెట్టు పీచునే చుట్టూ అల్లుకుని, బొటనవేలంత గూడు కట్టుకుని అందులో పెంకు పురుగవుతుంది. అవి అదే చెట్టులో జతకట్టి, అక్కడే మళ్లీ గుడ్లు పెట్టొచ్చు. మొత్తం మూడు నాలుగు నెలల్లో ఒక తరం. బయటికి చెట్టు పచ్చగానే కనబడుతూ ఉంటుంది. మీకు లక్షణాలు తెలిసేసరికి లోపల తాతా మనవలూ కలిసి కాపురముంటారు.

అయిదు నుంచి ఇరవై ఏళ్ల చెట్లంటే దానికి ఇష్టం. మీవి ఎనిమిదేళ్లవి. భయపెట్టడానికి చెప్పడం లేదు, చూసుకోమంటున్నాను.

నా తప్పు కూడా చెప్పాలి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో పాతికేళ్లు పైబడిన వాళ్లందరికీ ఇంట్లో చెప్పగా విన్న కథే, నాబోటి వాళ్లకి కళ్లారా చూసిన కథ. మా అత్తవారి తోటలో చెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయాయి. కూలీలు దొరకలేదు, దొరికిన వాళ్లు ముందు ఇళ్లు కప్పుకోవాలి. దుంగలు అలాగే ఉండిపోయాయి. ఏడాది తిరిగేసరికి అవి కుళ్లి, కొమ్ము పురుగులకి కాన్పుల ఆసుపత్రి అయ్యాయి. మిగిలిన చెట్ల మీద కొమ్ము పురుగులు పడ్డాయి. నేను ఊరూరా తిరిగి రైతులకి చెప్పేదాన్ని: మట్ట నరికితే మాను నుంచి నాలుగడుగులు వదిలి నరకండి, గాటు ఎండేలోపు పురుగు గుడ్లు పెట్టినా మానులోకి చేరకూడదు అని. ఇంటి దగ్గర ఆ సంక్రాంతికి తోట శుభ్రంగా ఉండాలని మా వాళ్లు మట్టలన్నీ మొదలంటా నున్నగా గీయించారు. నేను చూసి, బాగుంది అనుకున్నాను! ఉద్యోగం బయట, కళ్లు ఇంట్లో అన్నమాట.

వేసవిలో మా మామగారు ఒక చెట్టుకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు. "ఏంటండీ?" అంటే, "లోపల ఎవరో చెరుకు నములుతున్నారే" అన్నారు. నేను ఆనిస్తే నాకేమీ వినబడలేదు, రోడ్డు మీద లారీల మోత. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు గారి దగ్గర స్టెతస్కోపు అడిగి తెచ్చి పెట్టాను. కర కర కర. కాసేపు ఆగుతుంది, మళ్లీ కర కర. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. నాలుగు చెట్లు కొట్టించాం. చీల్చిన మానులో పిల్ల పురుగుల్ని చూసి మా పెద్దమ్మాయి రెండ్రోజులు అన్నం తినలేదు. మీరూ రాత్రి చప్పుళ్లు సద్దుమణిగాక చెట్టుకి చెవి పెట్టి చూడండి. సిగ్గుపడే పని కాదు. పెద్ద పెద్ద దేశాల్లో ఇదే చప్పుడు పట్టడానికి యంత్రాలు తయారు చేసుకుంటున్నారు.

ఇక చేయాల్సిన పనులు. కొమ్ము పురుగు కోసం చెట్టు కన్నా ముందు మీ పెంటకుప్ప చూడండి. రెండు మూడు నెలలకోసారి తిరగేయించి పిల్ల పురుగుల్ని ఏరించండి. మెటారైజియం అనే పచ్చ బూజు పొడి దొరుకుతుంది. పాకెట్ మీదున్న మోతాదులో పెంటలో కలిపి తడిగా ఉంచితే పిల్ల పురుగులకి రోగం తగిలి, ముందు తెల్లబడి, తర్వాత పాచి పట్టినట్టు పచ్చబడి చస్తాయి. పశువులకి, మనకి ఏమీ కాదు. అలా పచ్చబడ్డవాటిని ఏరి పారేయకండి, కుప్పలోనే వదలండి, రోగం ఇంకొకదానికి అంటుకుంటుంది. లేత చెట్లకి పై మట్టల సందుల్లో నాఫ్తలీన్ ఉండలు మూడు పెట్టి ఇసుక కప్పండి, 45 రోజులకోసారి మార్చండి. వేపపిండి, ఇసుక సమానంగా కలిపి వేసినా మంచిదే, నాకదే ఇష్టం. బీరువా వాసన తోటలో నేను భరించలేను.

ఈ కొమ్ము పురుగుకి ఒక వైరస్ కూడా ఉంది. ఆ కథ నాకు చాలా ఇష్టం. 1909 ప్రాంతంలో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో పాటు ఈ పురుగు పసిఫిక్‌లోని సమోవా దీవులకి చేరి అక్కడి కొబ్బరిని పీల్చి పిప్పి చేసింది. 1960లలో హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మలేషియాలో ఈ పురుగుకి పట్టే జబ్బుని కనిపెట్టారు. 1967లో దాన్ని సమోవాలో వదిలారు. జబ్బు అంటించిన పెంకు పురుగుల్ని స్వేచ్ఛగా వదిలేస్తే చాలు, అవే తిరిగి తిరిగి, జతకట్టి, పెంటల్లో దూరి తమ వాళ్లకి అంటిస్తాయి. మన దగ్గరా హెక్టారుకి పది పదిహేను చొప్పున అలా వదిలే పద్ధతి ఉంది. పరిశోధన స్థానంలో అడగండి, మీ ఒక్కరి కోసం కాదు, ఊరంతా కలిసి.

ముక్కు పురుగుకి లింగాకర్షక బుట్టలు పెట్టండి. రెండు జాతుల్లోనూ పిలుపు మగదానిదే. మగది వాసన వదిలితే ఆడా మగా రెండూ వస్తాయి. కానీ ఎవరి పిలుపు వారిదే. కొమ్ము పురుగు ఎర కొని ముక్కు పురుగు బుట్టలో కడితే ఒక్కటీ రాదు, ఆ తర్వాత "ఈ బుట్టలన్నీ దండగ" అనుకుంటారు. కొట్టులో పేరు చదివి కొనండి. ముక్కు పురుగు బుట్టలో ఎరతో పాటు బెల్లం నీళ్లో, పండిన అరటిపండో, కల్లో వేసి, వారానికోసారి మార్చాలి. రెండున్నర ఎకరాలకి ఒక బుట్ట లెక్క. మీ ఎకరానికి ఒక్కరే పెడితే ఊళ్లో పురుగులన్నిటికీ మీరే విందు పెట్టినట్టవుతుంది. పక్క తోట ఆయన్ని కూడా కలుపుకోండి, పెళ్లి సంబంధం తప్పినా స్నేహం ఉంటుంది. బుట్టని లేత చెట్టుకి కట్టకండి, గట్టు మీద గుంజకి కట్టండి. తొందరలో బుట్ట తప్పిన పురుగు పక్కనున్న చెట్టు మీదే వాలుతుంది.

ప్రశ్న: మేడం, నేను కువైట్‌లో ఖర్జూరం తోటలో పని చేస్తున్నాను. ఊరు అమలాపురం వైపు. ఇక్కడ ఎర్ర పురుగు ఉందని చెట్టు చెట్టూ తనిఖీ చేస్తారు. చూస్తే మన కొబ్బరి పురుగు లాగే ఉంది. మన పురుగు ఇక్కడికెలా వచ్చింది?
(ఒక పాఠకుడు)

జవాబు: మీలాగే వచ్చింది బాబూ, బతుకు తెరువు కోసం. తేడా ఏంటంటే దాని టిక్కెట్టు మనుషులే తీశారు. దాని పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా. 1980ల మధ్యలో గల్ఫ్‌కి చేరింది. ఖర్జూరం పిలకలు, అలంకరణకి పెంచే తాటి జాతి మొక్కలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లినప్పుడు వాటి మొదట్లో కూర్చుని వెళ్లింది. 1990లలో ఈజిప్టు, స్పెయిన్ కూడా చూసింది. మానులోపల దాక్కుని ప్రయాణం చేసేదానికి చెకింగులో పట్టుబడే భయం ఏముంది? 2017లో రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ దీని ఒక్కదాని కోసమే దేశాల్ని పిలిచి సమావేశం పెట్టింది. మన ఊళ్లో చెవి ఆనించి వినే పురుగుకి అక్కడ అంత గౌరవం.

ఖర్జూరంలో మీరు పైకి చూడకండి, కిందకి చూడండి. అక్కడ ఎక్కువగా నేల నుంచి మనిషి నడుమెత్తు లోపే దూరుతుంది, పిలక వేరు చేసిన గాయం దగ్గర. పిలక తీసిన రోజే ఆ గాయానికి మందు పూయమని మీ మేస్త్రీకి చెప్పండి. కొమ్మున్న పురుగులు కూడా అక్కడ కనబడతాయి, కానీ అవి మన కోనసీమది కాదు, దాని చుట్టాలు. ఇంకొక మాట. సెలవులకి వచ్చేటప్పుడు ముచ్చటపడి ఖర్జూరం పిలక తేకండి. పళ్లు తెండి.

ప్రశ్న: అమ్మమ్మ గారూ, నేను ఆరో తరగతి. మాది ముమ్మిడివరం. కొమ్ము పురుగుని హార్లిక్స్ సీసాలో పెట్టాను. ఏం తింటుంది? కొమ్ముతో పొడుస్తుందా? నాన్న చంపేయమంటున్నారు.

జవాబు: పొడవదు నాన్నా. విషం లేదు, కుట్టదు. కాళ్లకి ముళ్లుంటాయి, చేతి మీద పాకితే గీసుకుంటుంది, అంతే. మగదైతే ఆ కొమ్ముతో ఇంకో మగ పురుగుని తోస్తుంది, మనల్ని కాదు. మూతకి చిన్న బొక్కలు పెట్టి, అరటిపండు ముక్కో చెరుకు ముక్కో వెయ్యి. పగలంతా పడుకుంటుంది, రాత్రి సీసాని గీకుతూ నీ నిద్ర పాడుచేస్తుంది. దాని బొమ్మ గీసి, కాళ్లు లెక్కపెట్టి, పై రెక్క ఎత్తితే కింద మడత పెట్టిన పల్చటి రెక్క ఎలా ఉందో చూడు. తర్వాత నాన్న మాట విను. అంతవరకు తోక చివర ఎర్రటి నూగు ఉందేమో చూసుకో. ఉంటే మాత్రం మీ పెంటకుప్ప దగ్గరకి ఆ సీసా పట్టుకెళ్లకు.